గరిటెమ్మ ఇంట్లో తనిఖీ

ఆ వీధిలో దోమలు కూడా గరిటెమ్మ పేరు చెబితే దారి మళ్లేవని ఒక మాట ఉండేది. అది శుద్ధ అబద్ధం. దోమలకి భయభక్తులుండవు. దారి మళ్లింది మనుషులే. ఆవిడ వీధి మొదట్లో కనిపిస్తే చాలు, వీధి చివరి ఇంటాయన పెరట్లోకి పరుగెత్తి బకెట్లు బోర్లించేవాడు.

ఆవిడ ఊరి దోమల విభాగంలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసింది. ఒంటి మీద ఖాకీ కోటు, భుజాన సంచీ, చేతిలో పొడుగు కాడ గరిటె. ఎవరింట్లో ఏ తొట్టిలో, ఏ పాత టైరులో, ఏ పూలకుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిచినా గరిటె ముంచేది. తీసిన నీళ్లు తెల్లటి పళ్లెంలోకి ఒంపి, అందులో తోకలాడిస్తున్న పిల్లదోమల్ని ఇంటివాళ్ల ముక్కు కిందకి తెచ్చి చూపించేది. ఆ తర్వాత ఎర్ర అక్షరాల నోటీసు ఒకటి గేటుకి అతికించేది. వారం దాకా దాన్ని ఎవరూ పీకకూడదు. జ్వరమైతే మూడు రోజుల్లో తగ్గుతుంది గానీ ఆ కాగితం పెట్టిన తలవంపు తగ్గదని జనం ఏడ్చేవాళ్లు. సొంత ఆడపడుచు ఇంట్లో విందు జరుగుతుంటే, చేతులు కడుక్కునే తొట్టిలో గరిటె ముంచి, విందు తిని, పోతూ పోతూ నోటీసు అతికించి వెళ్లిన మనిషి ఆవిడ. మామూలుగా ఎవరినైనా ‘ఏవయ్యా, ఏమ్మా’ అని పిలిచే ఆవిడ, నోటీసు రాసేటప్పుడు మాత్రం ‘మీరు’ అనే మర్యాదలోకి దిగేది. ఆవిడ నోట ‘మీరు’ అని వినబడిందంటే ఆ ఇంటికి మూడినట్టే.

అలాంటి గరిటెమ్మకి అల్లుడు కావడం అంటే ఏమిటో ఈ కథలో అల్లుణ్ని అడగాలి. పెళ్లయిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్లుగా, అతను అత్తగారింట్లోనే ఉంటున్నాడు. పాడైన ఫ్యాన్లకి, నీటి మోటార్లకి రాగి తీగ చుట్టి బాగుచేయడం అతని పని. ఇంటి ముందు వాకిట్లో ఒక మూల రేకుల షెడ్డు వేసుకున్నాడు. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, వరసలుగా మోటార్ల డొక్కులు, గోడకి వేలాడే తీగచుట్టలు. తీగ చుట్టాక వార్నిష్ పట్టించే పని మాత్రం అతను బజారుకి పోయి చేయించుకొస్తాడు, ఆ ఘాటు అత్తగారికి పడదని. ఈ ఉపకారాన్ని ఆవిడ ఎన్నడూ నోటితో ఒప్పుకోలేదు.

పడకపోవడానికి కారణముంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పదేళ్లు ఆవిడ వీపున డబ్బా కట్టుకుని మురుక్కాలవల వెంట మందు కొట్టింది. దోమలు చచ్చాయో లేదో గానీ ఆవిడ ఊపిరితిత్తులు సగం చచ్చాయి. ఇప్పుడు అగరొత్తి పొగ తగిలినా దగ్గు, ఎవరైనా సెంటు పూసుకొస్తే ఆయాసం. దోమల చక్రాలు, గోడకి గుచ్చే మిషన్లు, చిమ్మే డబ్బాలు ఏవీ గడప తొక్కకూడదని డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పకపోయినా ఆవిడే చెప్పేది. “మందు కొట్టేవాడు బద్ధకస్తుడు. దోమ పుట్టాక చంపేదేముంది, పుట్టకుండా చూడాలి,” అని ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రకారమే ఆ వాకిట్లో ప్రతి బకెట్టూ బోర్లా పడుకునేది. నీళ్ల డ్రమ్ముకి గుడ్డ మూత, గుడ్డకి తాడు. మొక్కల తొట్టిలో పిల్లదోమల్ని తినే చిన్న చేపలు. కుండీల కింద పళ్లేలు నిషేధం. సాయంత్రం అయిదు నుంచి దీపాలు పెట్టేదాకా నిమ్మచెట్టు కింద కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్లని గేటులోంచి పలకరిస్తూ కూర్చోవడం ఒక్కటే ఆవిడకి మిగిలిన సరదా.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఆ సరదాకి గండి పడింది. వాకిట్లో దోమలొచ్చాయి. ఒకటీ అరా కాదు, మాట్లాడటానికి నోరు తెరిస్తే లోపలికి పోయేటన్ని.

ఇంటిల్లిపాదీ తలా ఒక వైద్యం చేశారు. ఇంటిల్లిపాదీ అంటే ముగ్గురే. కూతురు బస్సులో కండక్టరు. ఆమె నిమ్మగడ్డి తెచ్చి కుర్చీ చుట్టూ నాటింది. దోమలు దాని మీద వాలి సేదదీరాయి. అల్లుడు వేపనూనె తెచ్చాడు. అది రాసుకుంటే దోమలు రాలేదు, మనుషులూ రాలేదు. రాసుకుని డ్యూటీకి వెళ్లిన రోజున తన సీటు పక్కన ఒక్కరూ కూర్చోలేదని పెళ్లాం ఇంటికొచ్చి గొడవ చేసింది. అత్తగారు నిండు చేతుల చొక్కా, కాళ్లకి అల్లుడి పాత మేజోళ్లు వేసుకుని కూర్చుంది. దోమలు మేజోళ్ల మీదనుంచే పని కానిచ్చాయి.

ఇక మిగిలింది విచారణ. ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్లని నిలబెట్టి అడిగిన మనిషికి తన వాకిట్లో దోమలెక్కడివన్నది ప్రాణం మీదికొచ్చింది. డ్రమ్ము చూసింది. తొట్టి చూసింది. చెట్టు మొదలు, కాలవ మూత, పాత చెప్పులు కూడా తిరగేసింది. చివరికి ఆవిడ చూపు షెడ్డు మీద ఆగింది.

“ఏవయ్యా, ఎన్ని డొక్కులున్నాయి అందులో?”

“డొక్కులు కాదత్తయ్యా, మోటార్లు. అరవై దాకా ఉంటాయి.”

“నీళ్లు పట్టేది ఏదైనా డొక్కే.”

“నీళ్లు పడితే మోటారు కాలిపోతుందత్తయ్యా. నా బతుకే దాన్ని తడి తగలకుండా చూసుకోవడం.”

ఆవిడ వినిపించుకోలేదు. పది పన్నెండు రోజులు ఏదో ఆలోచించింది. బుధవారం పొద్దున తన పాత ఆఫీసుకి ఫోను చేసింది. ఆ ఫోను పెళ్లాం చెవిని పడింది, పెళ్లాం నుంచి అల్లుడి చెవిని పడింది.

“సోమవారం తనిఖీకి రమ్మని చెప్పింది అమ్మ. మనింటికే,” అంది పెళ్లాం.

“మనింటికా? ఎందుకు?”

“నోటితో తను మిమ్మల్ని షెడ్డు తీసేయమంటే నేనూరుకోను కదా. ఆఫీసు నుంచి కాగితం వచ్చి తీసేయమంటే ఎవరేం చేస్తారు? మీరేం కంగారు పడకండి, నేను మాట్లాడతాను.”

ఆమె మాట్లాడేలోపే ఆవిడ మాట్లాడేసింది. సాయంత్రం అల్లుడు స్టూలు మీద కూర్చుని తీగ చుడుతుంటే వచ్చి షెడ్డు ముందు నిలబడింది. “చూడండి, సోమవారం ఈ ఆవరణలో ఒక్క పిల్లదోమ దొరికినా షెడ్డు తీసేయాల్సి ఉంటుంది. మీరు ముందే వేరే చోటు చూసుకోవడం మంచిది.”

‘మీరు’ అంది. అల్లుడి చేతిలో తీగ జారిపోయింది.

వేరే చోటంటే బజార్లో పాత యజమాని కొట్టు. పెళ్లికి ముందు అతను అక్కడే పని చేసేవాడు. ప్రతి చుట్టూ లెక్కపెట్టి, ప్రతి అరగంటకీ భుజం మీదుగా తొంగిచూసి, కస్టమర్ల ముందు ‘ఒరే’ అని పిలిచే యజమాని. ఈ షెడ్డు వేసుకున్న రోజున అల్లుడు మొదటిసారి తన స్టూలు మీద తను కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని కాసేపు ఊరికే ఉన్నాడు. ఆ కాసేపు కోసమే అతను పదకొండేళ్లు అత్తగారి మాటలు పడ్డాడు. నలభై రెండేళ్ల వయసులో మళ్లీ ఒకడి చేత ‘ఒరే’ అనిపించుకోవడం అతని వల్ల కాదు.

గురువారం అతనికి ఒక ఆలోచన వచ్చింది. దోమ గాలిలో బలహీనురాలు. గట్టి గాలి కొడితే ఎదురు ఎగరలేదు. షెడ్డులో ఎవరో వదిలేసి పోయిన పెద్ద స్టాండు ఫ్యానొకటి ఉంది. దానికి కొత్త తీగ చుట్టి నిమ్మచెట్టు పక్కన పెడితే, మందూ లేదు, పొగా లేదు, అత్తగారి కుర్చీ చుట్టూ దోమ నిలవదు. ఆవిడ మనసు కరిగినా కరగొచ్చు. మధ్యాహ్నానికల్లా ఫ్యాను సిద్ధం చేశాడు. కరెంటు తీగ షెడ్డు నుంచి గేటు స్తంభం మీదుగా చెట్టు దాకా తేవాలి. స్టూలెక్కాడు.

గేటు స్తంభం మీద ఒక కప్పుంది. రెండు చెవులున్న, మూరెడు ఎత్తు ఇత్తడి కప్పు. ఆ వేసవిలో రిటైరైన రోజున ఆఫీసువాళ్లు ‘ఉత్తమ దోమల నిర్మూలన అధికారి’ అని చెక్కించి ఇచ్చారు. ఇంట్లో పెడితే ఎవరు చూస్తారని ఆవిడ దాన్ని ఆరడుగుల స్తంభం మీద వీధిలోకి పెట్టించింది. మొదటి వారంలోనే ఎవడో దాని మూత ఎత్తుకుపోయాడు. కప్పు కూడా పోతుందేమోనని తాపీమేస్త్రీని పిలిచి కాడ మొదలంటా సిమెంటుతో అతికించేసింది. ఊళ్లో ప్రతి గిన్నెనీ బోర్లించిన మనిషి, బోర్లించడానికి వీల్లేకుండా ఒక గిన్నెని తన గేటు మీద తనే కట్టించుకుందన్నమాట. ఆవిడ ఎత్తు అయిదడుగులు. లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు.

అల్లుడు చూశాడు. రెండు లీటర్ల వాననీళ్లు, రెండు ఎండుటాకులు, లెక్కలేనన్ని పిల్లదోమలు. తోకలాడిస్తూ, మునుగుతూ, తేలుతూ, ఒకదాని మీద ఒకటి పొర్లుతూ ఉన్నాయి.

అతను స్టూలు మీద అలాగే నిలబడిపోయాడు. ముందు నమ్మలేదు. తర్వాత చుట్టూ చూశాడు. తర్వాత నవ్వొచ్చింది, ఎంత నవ్వంటే స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టని సామెత. ఇక్కడ దుత్తే అత్త మీద కోపం తీర్చేటట్టుంది.

దిగి వెంటనే చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. చెప్పలేదు. ఒక గ్లాసుతో తోడి పారబోసి ఉంటే ఇంకా తొందరగా అయిపోయేది. అదీ చేయలేదు. సోమవారం దాకా ఆగుదామనుకున్నాడు. పిలిచింది ఆవిడే. వచ్చేది ఆవిడ ఆఫీసే. దొరకబోయేది ఆవిడ కప్పులో. నోటీసు ఆవిడ గేటుకే. ఇంతకంటే సుఖం మనిషికి ఏం కావాలి? పెళ్లాంతో కూడా చెప్పకుండా ఆ రహస్యాన్ని మింగి కూర్చున్నాడు.

శుక్రవారం, శనివారం తీగ సరిచేస్తున్నట్టు నటిస్తూ పొద్దున్నే స్టూలెక్కి తన మందని చూసుకొచ్చాడు. కొన్ని ఎదిగి, తలలు లావై వంకర తిరిగాయి. రేపో ఎల్లుండో రెక్కలొచ్చి ఎగిరిపోయే రకం. ఫరవాలేదు, వెనక వచ్చేవి వెనక వస్తూనే ఉన్నాయి. శనివారం ఒక కాకి వచ్చి కప్పు అంచున వాలి నీళ్లలో ముక్కు పెట్టబోతే, అతను షెడ్డులోంచి చెప్పు విసిరి దాన్ని తరిమేశాడు. చెప్పు తెచ్చుకోవడానికి వీధిలోకి వెళ్తూ, తను ఇప్పుడు దోమలకి కాపలా కాస్తున్నానని అతనికి తట్టింది. కొంచెం సిగ్గేసింది. ఎక్కువ కాదు.

ఫ్యాను మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. అత్తగారు మూడు సాయంత్రాలు గాలిలో కూర్చుంది. చీర కొంగు జెండాలా ఎగురుతోంది, ఒక్క దోమ దగ్గరికి రాలేదు. శనివారం ఆవిడ గేటు దగ్గర కూరగాయల మనిషితో చాలాసేపు మాట్లాడి, నవ్వి, దగ్గకుండా లోపలికి వచ్చింది. “గాలి బాగానే ఉంది,” అంది, ఫ్యానుని చూస్తూ. పదకొండేళ్లలో అతను చేసిన పనికి వచ్చిన మొదటి మెప్పు అది. కప్పులో నీళ్లు పారబోసేద్దామా అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన నిమిషంలో దోమలు కమ్ముకున్నాయి. ఆవిడ కాసేపు చేతులతో తోలుకుంది, తోలుకున్న శ్రమకే ఆయాసం వచ్చి, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచింది. ఆ నడక చూసి అల్లుడు నిజంగానే గ్లాసు తీసుకుని గేటు వైపు వెళ్లాడు. గడప దగ్గర ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. “ఎక్కడికి? గేటు దగ్గర ఏం పని? రేపు వాళ్లొస్తారు. ముందు మీ డొక్కులు సర్దుకోండి.” మళ్లీ ‘మీరు’. అల్లుడు గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. సర్దుకోలేదు. ఒక్క మోటారు కూడా కదపలేదు.

సోమవారం పదింటికి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చింది. ముప్పై ఏళ్లు ఉండవు. గరిటె పట్టుకోవడం గరిటెమ్మ దగ్గరే నేర్చుకుంది. వస్తూనే వంగి కాళ్లకి దండం పెట్టినంత పని చేసింది. “మేడమ్, మీ ఇల్లు తనిఖీ చేయడమంటే నాకే సిగ్గుగా ఉంది.”

“సిగ్గెందుకు, ఏ ఇల్లయినా ఇల్లే. మొదలుపెట్టు,” అంది అత్తగారు. ఆవిడ పెట్టెలోంచి ఖాకీ కోటు తీసి వేసుకుంది. కోటు ఇప్పుడు రెండు వేళ్లు వదులైంది. మెడ దగ్గర గుండీ పెట్టుకుంటూ నిటారుగా నిలబడింది. ఆ నిలబడటం కోసం ఆవిడ ఊపిరి ఎంత బిగబట్టిందో అల్లుడికి పక్కనుంచి తెలుస్తూనే ఉంది. మధ్యాహ్నం డ్యూటీకి తయారైన కూతురు మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడింది.

ఇన్‌స్పెక్టరు పిల్ల డ్రమ్ము విప్పి చూసింది, కట్టింది. తొట్టిలో గరిటె ముంచింది. చేపలు తప్ప ఏం లేవు. షెడ్డులోకి వెళ్లి అరవై మోటార్లూ ఒక్కొక్కటే తిరగేసింది, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ. అరగంట పట్టింది. బయటికొచ్చి తుమ్మింది. “దుమ్ముంది మేడమ్. బూజుంది. తడి మాత్రం లేదు.”

అత్తగారి మొహం ముడుచుకుపోయింది. అల్లుడు మర్యాదగా కింద పెదవి కొరుక్కున్నాడు. ఇప్పుడు తను గేటు వైపు వేలు చూపిస్తే చాలు. వేలు చూపించే క్షణం కోసమే నాలుగు రోజులు ఆగాడు. ఎందుకో ఆ వేలు లేవలేదు. కోటు మెడ దగ్గర ఆవిడ పెట్టుకున్న గుండీ తప్పు కన్నంలో పడి, కాలరు ఒక పక్కకి ఎత్తుగా ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

“పోనీలెండి మేడమ్, వీధిలో ఎక్కణ్నుంచో వస్తున్నాయి. నేను చూస్తాను,” అంది ఆ పిల్ల కాగితాలు సర్దుకుంటూ. “వెళ్లేముందు మీతో ఒక ఫొటో కావాలి. మీ కప్పు దగ్గర. మా ఆఫీసులో పెట్టుకుంటాం.” అంటూనే స్టూలు లాక్కుని, కప్పు మీద దుమ్ము తుడుద్దామని చేతిరుమాలు తీసి ఎక్కేసింది.

ఎక్కి, లోపలికి చూసి, అలాగే ఉండిపోయింది. తర్వాత చాలా మెల్లగా రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. “ఫొటో ఇంకోసారి తీసుకుందాం మేడమ్. ఎండ ఎక్కువగా ఉంది.”

“ఏముంది అందులో?” అంది అత్తగారు.

“ఏం లేదు మేడమ్.”

“ఏం లేదన్న ఇంట్లోనే ఉంటుందని నీకు నేర్పింది ఎవరు? గరిటె పెట్టు.”

గరిటె మునిగింది. తెల్లటి పళ్లెంలోకి నీళ్లు ఒలికాయి. ఆ పిల్ల దిగి, తల పైకెత్తకుండా పళ్లెం ఆవిడ చేతికిచ్చింది.

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. మొహంలో రంగు దిగిపోయింది. ఒక చేత్తో పళ్లెం పట్టుకునే రెండో చేత్తో కోటు జేబులో పీల్చే మందు కోసం తడుముకుంది. అది దొరకలేదు. గేటు బయట కూరగాయల మనిషి బండి ఆపి చూస్తోంది. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. ముప్పై ఏళ్లు ఊరందరి వాకిళ్లలోకి తొంగిచూసిన ఆవిడ వాకిట్లోకి ఇప్పుడు ఊరు తొంగిచూస్తోంది. అల్లుడు గురువారం నుంచి లోలోపల రిహార్సలు వేసుకున్న నవ్వు సరిగ్గా ఇప్పుడు రావాలి. రాలేదు. ఆవిడ మీద జాలేసింది, తన మీద అసహ్యమేసింది, రెండూ ఒకేసారి. అప్పుడు అతని నోటి నుంచి అతని అనుమతి లేకుండా ఒక మాట వచ్చింది.

“అవి నేను పోసిన నీళ్లండీ. నిన్ననే పోశాను. పక్షులు తాగుతాయని.”

మెట్ల మీద నుంచి పెళ్లాం అతన్ని ఎగాదిగా చూసింది. “పక్షులకా? ఇంట్లో మనుషులు అడిగినా గ్లాసుడు మంచినీళ్లివ్వని మీరా?”

“నేనే పోశాను,” అన్నాడు మళ్లీ. “తప్పు నాది. ఈ ఆవరణలో దొరికింది కాబట్టి, మాట ప్రకారం షెడ్డు తీసేస్తాను.”

ఇన్‌స్పెక్టరు పిల్ల ఊపిరి పీల్చుకుని గబగబా పెన్ను తీసింది. “ఆయనే ఒప్పుకుంటున్నారు కదా మేడమ్, ఆయన పేరు రాసేస్తాను.”

“ఆగు,” అంది అత్తగారు. పెళ్లాం తెచ్చిచ్చిన మందు రెండుసార్లు పీల్చి, పళ్లెం అల్లుడి ముక్కు కిందకి తెచ్చింది, ఊళ్లో అందరికీ తెచ్చినట్టే. “నిన్న పోశానంటున్నావు. ఈ వంకర తిరిగినదాన్ని చూడు. దీని వయసు వారం. నిన్న పోసిన నీళ్లలో వారం వయసున్న పిల్ల ఎలా పుట్టిందయ్యా?”

అల్లుడు పళ్లెం మీద నుంచి చూపు తిప్పుకున్నాడు.

“ముప్పై ఏళ్లలో కొన్ని వేల అబద్ధాలు విన్నాను. పక్కింటివాళ్లు పోశారన్నారు. పనిమనిషి పోసిందన్నారు. ఒకాయన తన చచ్చిపోయిన తండ్రి పోశాడన్నాడు. అందరూ నాది కాదన్నవాళ్లే. తనది కానిది నాదే అన్నవాణ్ని నిన్నే చూస్తున్నాను.” ఆవిడ పళ్లెం కిందికి దించింది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “రాయి. యజమానురాలి పేరు నాది. నీళ్లు నిలిచిన వస్తువు, ఉత్తమ దోమల నిర్మూలన అధికారి కప్పు. కారణం, అజాగ్రత్త. అక్షరం తప్పు పోకుండా రాయి.”

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ రాసింది. ఆవిడే తీసుకుని, వెనక బంక పూసి, తన గేటుకి తనే అతికించింది. మూలలు బొటనవేలితో నొక్కింది.

అల్లుడికి అది భరించడం కష్టమైంది. తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. పదకొండేళ్ల అలవాటది. మెచ్చుకుంటే ఎలా ఓర్చుకోవాలో తెలియదు, అందులోనూ అర్హత లేని మెప్పు.

“అత్తయ్యా, నేను గురువారమే చూశాను,” అన్నాడు. “తీగ కడుతుంటే కనబడ్డాయి. పారబోయలేదు. మీకు చెప్పలేదు. ఇవాళ అందరి ముందూ మీ పరువు పోవాలని కావాలనే వదిలేశాను. కాకి తాగబోతే కాకిని కూడా కొట్టాను.”

పెళ్లాం నెత్తి కొట్టుకుంది. “దొందూ దొందే. నా తలరాత.”

అత్తగారు అతని మొహంలోకి చూసింది. కోప్పడలేదు. అలాగని క్షమించినట్టూ లేదు. “నాలుగు రోజులు,” అంది. “ఈ నాలుగు రోజుల్లో ఎన్ని ఎగిరిపోయుంటాయో తెలుసా? ఎవరింట్లో ఏ పసిపిల్లని కుట్టాయో తెలుసా?”

“తెలియదు. ఆ సంగతి ఆలోచించలేదు.”

“అమ్మాయ్, ఇంకో కాగితం తియ్యి.”

“ఒక ఇంటికి ఒకటే నోటీసు మేడమ్. మీరు పెట్టిన రూలే,” అంది ఇన్‌స్పెక్టరు భయం భయంగా.

“ఇల్లొకటే. తప్పులు రెండు. రాయి. తెలిసి దాచినందుకు, అల్లుడు.”

రెండో కాగితం మొదటిదాని పక్కన పడింది. ఇన్‌స్పెక్టరు పిల్ల ఫొటో సంగతి ఎత్తకుండా వెళ్లిపోయింది. పెళ్లాం గేటు దాటుతూ రెండు కాగితాలూ ఒకసారి చదివి, ఇవాళ బస్సులో ఎవరితోనూ మాట్లాడనని చెప్పి డ్యూటీకి పోయింది. కూరగాయల మనిషి కూడా చదివింది. చదవడం రాని పక్కింటి ముసలాయనకి గట్టిగా చదివి వినిపించింది.

మిగిలిన నీళ్లు తోడి పారబోశాక కప్పు సంగతి వచ్చింది. సిమెంటు పగలగొడితే స్తంభం కూలుతుంది. అడుగున కన్నం వేస్తే నీళ్లు నిలవవన్నాడు అల్లుడు. ఉత్తమ అధికారి కప్పుకి కన్నమేమిటని ఆవిడ అంటుందనుకున్నాడు. “పెద్దదే వెయ్యి,” అంది. అతను డ్రిల్లు మిషను తెచ్చుకుని స్టూలెక్కాడు. స్టూలు ఒక కాలు పొట్టిది, ఊగుతోంది. ఆవిడ కింద కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

ఇత్తడి మీద మిషను కీచుమంది. కాసేపాగి, కప్పు వైపే చూస్తూ అడిగాడు. “షెడ్డు ఎప్పటికి తీసేయమంటారత్తయ్యా?”

అతను మళ్లీ మిషను వేయబోయాడు.

“నీ షెడ్డు నేను వెతికాను,” అంది ఆవిడ. అతని మడమలతో చెబుతున్నట్టుంది. “నువ్వు బజారుకి వెళ్లినప్పుడల్లా. మూడుసార్లు. టార్చి వేసి, ఒక్కొక్క డొక్కూ తిప్పి చూశాను. ఒక్క చుక్క దొరకలేదు.”

అల్లుడు మిషను మీద నుంచి వేలు తీసేశాడు.

“దొరికితే బాగుండునని వెతికాను. దొరక్కపోయేసరికి, ఇంక ఈ దోమలు నా దగ్గర్నుంచే వస్తున్నాయని ఒప్పుకోవాలి కదా. అది నా వల్ల కాలేదు. పొడిగా ఉందని తెలిసే నీ మీదకి ఆఫీసుని పిలిచాను. ఆ పిల్ల ఎక్కడో ఒక చెమ్మ చూపించకపోతుందా అనుకున్నాను.” ఆవిడ ఆగి, ఊపిరి కూడదీసుకుంది. “నువ్వు నాలుగు రోజులు దాచావు. నేను రెండు వారాలు దాచాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. ఆ అమ్మాయి ఉండగానే చెప్పి, మూడోది కూడా రాయించాల్సింది. అప్పుడు నోరు రాలేదు. ఫోను చేసి వెనక్కి పిలవనా?”

అల్లుడు కిందికి చూడలేదు. చూస్తే ఇద్దరికీ ఇబ్బందని తెలుసు. చెయ్యెత్తి కళ్లు తుడుచుకుంటే ఇత్తడి పొడి అంటుకుని ఇంకా మండాయి.

“వద్దులెండత్తయ్యా,” అన్నాడు. “ఆ గేటు మీద ఇంక చోటు లేదు.”